నిప్పు తగలని ఉసిరి తొక్కు

కార్తీకం వచ్చిందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంగళ్లలో ఉసిరికాయలు కుప్పలు పడతాయి. ధర్మపురిలో గోదావరి స్నానం చేసి ఉసిరి దీపం పెట్టేవాళ్లు, చెట్టు కింద వనభోజనాలకు కూర్చునేవాళ్లు ఆ కాయను దేవుడి పేరున ఇంటికి తెచ్చుకుంటారు. చలి ముదిరి జలుబూ దగ్గూ ముసిరే రోజులకు సరిగ్గా చేతికందే కాయ ఇది.

సి విటమిన్‌ను మన ఒళ్లు తయారు చేసుకోలేదు, ఎక్కువగా దాచుకోనూ లేదు. ఏ రోజుది ఆ రోజు తినాల్సిందే. పెద్దవాళ్లకు రోజుకు 65 నుంచి 80 మిల్లీగ్రాములు కావాలని మన పోషకాహార నిపుణుల లెక్క. వంద గ్రాముల ఉసిరిలో 250 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మధ్యరకం కాయ ఒక్కటి తింటే ఆ రోజుకు పని తీరినట్టే. జామకాయ కూడా ఏమంత వెనుకబడదు.

చిక్కల్లా నిల్వ దగ్గరే. ఈ విటమిన్ నీళ్లలో కరిగిపోతుంది, వేడికి, గాలికి నశిస్తుంది. రాగి, ఇనుము తగిలితే ఇంకా త్వరగా పోతుంది. ఇప్పుడు తొక్కు పెట్టే పద్ధతి చూడండి. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, తడి లేకుండా నీడకు ఆరబెడతారు. రాతి రోట్లో కచ్చాపచ్చాగా దంచి గింజలు తీస్తారు. ఉప్పు, పసుపు కలిపి జాడిలో అదిమి మూడు రోజులు ఊరనిస్తారు. ఆ తర్వాత కారం, మెంతిపొడి, దంచిన ఎల్లిపాయ కలిపి, కాచి పూర్తిగా చల్లార్చిన నూనె పైకి తేలేలా పోస్తారు. రోలు రాయి, జాడి పింగాణి, పైన నూనె మూత. కాయకు లోహం తగలదు, నిప్పు తగలదు, గాలి తగిలేదీ తక్కువే. కాయల్ని ముందే నూనెలో మగ్గించి పెట్టే పచ్చడి రుచిగానే ఉంటుంది కానీ, విటమిన్ కోసమైతే నా ఓటు పచ్చిగా దంచిన తొక్కుకే. అదీ నెలలు గడిచేకొద్దీ కొంత తగ్గుతుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి రక్తపోటు ఉన్నవాళ్లు వేలితో అద్దుకున్నంతే వేసుకోవాలి.

చరక సంహిత ఆమలకిని, అంటే ఉసిరిని, వయసును నిలబెట్టేవాటిలో శ్రేష్ఠంగా చెప్పింది. కరక్కాయ, తానికాయలతో కలిసి త్రిఫలలో ఉన్నదీ ఇదే. చ్యవనప్రాశకూ మూలం ఉసిరే. అయితే ఆ లేహ్యం చాలాసేపు ఉడుకుతుంది. దాని గుణాలు దానికున్నాయి, పచ్చి కాయలోని సి విటమిన్ అంతా అందులో ఉంటుందనుకోవద్దు.

రోగనిరోధక శక్తి గురించి ఉన్నమాట చెప్పుకోవాలి. తెల్ల రక్తకణాలు సరిగా పనిచేయడానికి ఈ విటమిన్ అవసరం. కానీ రోజూ మాత్రలు మింగినా సాధారణంగా జలుబు రాకుండా ఆగదు. ముందునుంచీ తీసుకుంటున్నవాళ్లలో జలుబు ఉండే రోజులు పెద్దలకు 8 శాతం, పిల్లలకు 14 శాతం తగ్గాయని పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలింది. మోతాదు మించిన మాత్రలతో కిడ్నీలో రాళ్ల ముప్పు కూడా ఉంది. కాయ తింటే ఆ భయం అంతగా లేదు.

ఇంకో మేలు గురించి తక్కువమంది మాట్లాడతారు. జొన్న రొట్టె, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టేందుకు ఈ విటమిన్ సాయపడుతుంది. సాంచెల (మరమగ్గాల) దగ్గర నిలబడి పనిచేసే సిరిసిల్ల కార్మికులు, బీడీలు చుట్టే ఆడవాళ్లు అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటపట్టదు. చాయ్ ఓ గంట ఆగి తాగి, కంచంలో నిమ్మచెక్కో ఉసిరి ముక్కో పెట్టుకుంటే రక్తహీనతకు అది మంచి ఆసరా. ఎండాకాలం ఉసిరి దొరకనప్పుడు జగిత్యాల తోటల పచ్చి మామిడి ఉండనే ఉంది.

ఈసారి తొక్కు పెట్టేటప్పుడు గుప్పెడు కాయలు పక్కన తీసి ఉంచండి. బడినుంచి వచ్చిన పిల్లలకు ఉప్పద్ది పచ్చివే ఇవ్వండి.