పిల్లల చేతికి గాలమిద్దాం

ఏప్రిల్ ఆఖరులో బడులు మూసేస్తే తెలంగాణ పల్లెల్లో అమ్మమ్మల ఇళ్లు, నాయనమ్మల ఇళ్లు పిల్లలతో కళకళలాడతాయి. మామిడికాయలు, తాటి ముంజలు, వాకిట్లో మంచాలు, రాత్రి కథలు. వీటన్నిటితో పాటు ఆ సెలవులకు మరో ముచ్చట ఉంది. పొద్దు పొడవకముందే తాతతోనో, మేనమామతోనో చెరువుకు పోయి గాలం వేయడం. చూసేవాళ్లకు అది కాలక్షేపం. కానీ గాలం పట్టిన పిల్లలకు చెరువు లోతు, దాని అలవాట్లు, అందులో బతికే ప్రాణులు ఎరుకలోకి వస్తాయి. ఎరుక ఉన్నవాళ్లే చెరువును కాపాడుకుంటారు. అందుకే ఈ విద్యను మన పిల్లలకు పట్టుబట్టి నేర్పాలంటాను.

తెలంగాణ బతుకంతా చెరువుల చుట్టూ అల్లుకున్నదే. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచి పొలాలకు నీళ్లిస్తున్నాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కకొచ్చాయి. వానాకాలంలో మత్తడి దుంకే చెరువు మే నెలకల్లా శిఖం బయటపెట్టి, తూము దగ్గరి లోతట్టుకు ముడుచుకుంటుంది. చేపలన్నీ ఆ మిగిలిన నీళ్లలోకే చేరతాయి. పిల్లల సెలవులు, చేపలు దొరికే కాలం ఒక్కసారే రావడం మన అదృష్టం.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. చివర సన్నగా ఉండి వంగే వెదురు కర్ర, నైలాన్ దారం, చిన్న గాలపు ముల్లు, దాన్ని ముంచడానికి చిటికెడు సీసం, నీటిపైన తేలడానికి బెండు. పెళ్లి బాసికాలు చేసే జీలుగ బెండు ముక్కనే ఇప్పటికీ ఇష్టపడే పెద్దలున్నారు. తేలికగా ఉంటుంది, చేప ముట్టుకున్నా కదులుతుంది. ఆ బెండును దారం మీద పైకీ కిందికీ జరపడంలోనే సగం నేర్పు ఉంది. బొచ్చె పైనీటిలో తిరుగుతుంది, రోహు నడిమి నీటిలో, మృగాల అడుగున బురదలో మేస్తుంది. ఏ చేప కావాలో అనుకుని, ముల్లు ఆ లోతుకే దిగేలా బెండు కట్టుకోవాలి.

చేపను బట్టి ఎర కూడా మారుతుంది. పరకలకు, జెల్లలకు, కొర్రమట్టలకు వానపాములు, మన పల్లె మాటలో ఎర్రలు. బోరింగు కింద నీళ్లు నిలిచే తడిమట్టిని తవ్వితే దొరుకుతాయి. కొబ్బరి చిప్పలో ఇంత తడిమట్టి వేసి ఉంచితే పొద్దెక్కేదాకా బతుకుతాయి. రోహుకు గోధుమ పిండిలో పల్లిచెక్క పొడి కలిపి గట్టి ముద్ద చేస్తారు. ఆ వాసనకే అది దగ్గరికొస్తుంది. కూర్చునే చోట ముందుగా నాలుగు గుప్పిళ్ల తవుడు చల్లి, కాసేపాగి గాలం వేస్తే చేపలు అక్కడే మసలుతాయి.

వేళ మరీ ముఖ్యం. పొద్దెక్కిన కొద్దీ పైనీళ్లు వేడెక్కుతాయి. అందుకే మిట్టమధ్యాహ్నం చేపలు లోతుకు పోయి మేత మీద ఆశ వదిలేస్తాయి. తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలేటప్పుడు ఒడ్డుకొస్తాయి. మన నీడ నీళ్ల మీద పడకూడదు, గట్టు మీద దబదబ అడుగులు వేయకూడదు. అడుగుల అదురు నీళ్లలోకి పాకితే చేప చెదిరిపోతుంది. అల్లరి పిల్లలు కూడా ఈ సంగతి తెలిశాక తమంతట తామే గొంతు తగ్గిస్తారు.

ఇక బెండు మీద చూపు. అది చిటుకు చిటుకుమని ఆడితే చిన్న పరకలు ఎరను కొరుకుతున్నట్టు. కొత్తగా పట్టిన పిల్లలు అప్పుడే కర్ర ఎత్తేస్తారు, ఖాళీ ముల్లు గాలిలోకి లేస్తుంది. పక్కన కూర్చున్న తాత, “జర ఆగు బిడ్డా, ఇంకా మింగలే” అంటాడు. బెండు ఒక పక్కకు వాలి, నెమ్మదిగా జారుతూ ఒక్కసారి కనబడకుండా పోతుంది. “ఇగ గుంజు!” అన్న మాట అప్పుడొస్తుంది. మణికట్టుతో చిన్న విసురు చాలు, ముల్లు దవడకు పడుతుంది. ఆ క్షణమేదో మాటలతో చెప్పలేం. పక్కనుండి ఒకరు చూపించాలి, పిల్లల చెయ్యి దాన్ని పట్టుకోవాలి.

పడ్డ చేపను తీయడమూ నేర్చుకోవాల్సిందే. జెల్లకు వీపు మీద ఒక ముల్లు, చెంపల పక్కన రెండు ముళ్లు ఉంటాయి. తల వెనక నుంచి వేళ్లు ఆ ముళ్ల కిందుగా పోనిచ్చి పట్టుకోవాలి. ఇంగిలాయి పొడిస్తే విషం ఎక్కి విపరీతమైన మంట. దాన్ని పిల్లలు అసలు ముట్టకూడదు, పెద్దలే చూసుకోవాలి.

ఈ విద్యలో నీతి కూడా ఉంది. కొర్రమట్ట తెలంగాణ రాష్ట్ర చేప. దాని పిల్లలు ఎర్రటి గుంపుగా నీటిపైకి వచ్చి పోతుంటే కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు గాలం వేస్తే దక్కేది ఒక చేపే, ఆ పిల్లల గుంపుకు మాత్రం దిక్కుండదు. అందుకే తెలిసినవాళ్లు అటు వేయరు. వేలెడంత పరకను తిరిగి నీళ్లలో వదిలేస్తారు. చెరువులో చేపల మీద హక్కు చాలాచోట్ల ముదిరాజ్‌లు, గంగపుత్రులు, బెస్తలు నడిపే మత్స్య సహకార సంఘాలది. వాళ్లు పిల్ల పోసి పెంచుకునే చేపలవి. సంఘం పెద్దను అడిగి, ఆయన చూపిన చోటే కూర్చోవాలి. తెగిన నైలాన్ దారం కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది కాబట్టి ముక్క కూడా వదలకుండా ఇంటికి తేవాలి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడొద్దు. మట్టి తవ్విన గుంతలు నీళ్ల కింద కనబడవు, మోకాటి లోతు అనుకున్నది ఒక్క అడుగులో నిలువెత్తు అవుతుంది. ఎండాకాలం చెరువుల్లో పిల్లలు మునిగిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. గాలం గట్టు మీద కూర్చుని వేసే పని, నీళ్లలో దిగే పని కాదు. ఈతొచ్చిన పెద్దమనిషి పక్కన లేకుండా పిల్లలను చెరువుకు పంపకూడదు.

తెచ్చిన చేపలను గరుకు బండ మీద రుద్ది పొలుసు తీయడం, బూడిదతో, ఉప్పుతో జిగురు పోగొట్టడం అమ్మమ్మ నేర్పే పాఠం. పులుసులో గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకుని తిప్పాలని, లేకపోతే ముక్క విరుగుతుందని, మామిడికాయ వేస్తే చింతపండు తగ్గించాలని పిల్లలకు అక్కడే తెలుస్తుంది. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది. మిరుగం నాడు చేప తినాలన్నది మన ఇళ్ల ఆనవాయితీ. ఆ తర్వాత వానలకు చేపలు గుడ్లు పెట్టే కాలం. పిల్లలు బడికి తిరిగి పోతారు, గాలాలు అటకెక్కుతాయి, చెరువుకు విరామం దొరుకుతుంది.

వరంగల్‌లో, హైదరాబాద్‌లో పెరిగే పిల్లలకు చేప అంటే మార్కెట్లో తూకం వేసే ముక్క. చెరువంటే బస్సు కిటికీలోంచి కనిపించే నీళ్లు. అలాంటి నీళ్లు పూడిపోయి ప్లాట్లయినా వాళ్లకు లోటు తెలియదు. ఎక్కడ జెల్ల దాగుతుందో, ఏ మూల లోతుందో తెలిసిన పిల్లలు మాత్రం పెద్దయ్యాక ఆ చెరువు గురించి నిలదీసి అడుగుతారు. ఆ ఎరుక ఇవ్వడానికి తాతలున్నారు, మేనమామలున్నారు, చెరువులో ఇంకా నీళ్లున్నాయి. ఈ సెలవుల్లో రెండు పొద్దులు పిల్లల కోసం తీసి పెట్టండి. వెదురు కర్రలు సిద్ధం చేయండి, సంఘం పెద్దతో ఓ మాట చెప్పండి, తెల్లవారకముందే పిల్లలను నిద్ర లేపండి.