మాయాబజారు వెన్నెల: చలనచిత్రమున వెలుగు ఉద్దీపనమగు తీరు

తెలుగుశాఖలలో చలనచిత్రమును గూర్చి జరుగు విచారము సామాన్యముగా పాటయొద్దను మాటయొద్దను ఆగిపోవుచున్నది. బందరున పెరిగి, అచటి జాతీయకళాశాలలో పనిచేసిన పింగళి నాగేంద్రరావుగారి (1901-1971) పదకల్పనను మెచ్చినవారు, ఆ పదములు ఏ వెలుగులో పలుకబడినవో చెప్పరు. ఛాయాగ్రహణము రమ్యముగా నున్నదను నొక్క వాక్యముతో ఆ ప్రసంగము ముగియును. ఇది సాహిత్యవిమర్శకు తగని ఉపేక్షయని మా అభిప్రాయము. మన ఆలంకారికులు రసనిష్పత్తికి చెప్పిన సామగ్రిలో వెన్నెలకు స్థానమున్నది. శృంగారమునకు నాయికానాయకులు ఆలంబనవిభావమైనచో, వెన్నెల, ఉద్యానము, మలయానిలము ఉద్దీపనవిభావములు. కావ్యమున ఈ ఉద్దీపనమును పద్యము కల్పించును. చలనచిత్రమున దానిని కల్పించునది దీపము. కావున దీపమును విడిచి రసమును విచారించుట పొసగదు.

విషయమును మా సీమనుండియే ఆరంభింపవచ్చును. ఉయ్యూరునుండి బందరు త్రోవలో పామర్రు చేరి, అటనుండి చల్లపల్లివైపు మరలినచో కూచిపూడి వచ్చును. విద్యుద్దీపములు రాకమున్ను భాగవతులు రాత్రియెల్ల దివిటీల వెలుగున ఆడెడివారు. భామాకలాపమున సత్యభామ ప్రవేశించునపుడు ఇరువురు తెర పట్టుదురు. ఆమె జడ తెరమీదుగా వ్రేలాడును. ఇరువైపుల దివిటీలపై గుగ్గిలపుపొడి చల్లగనే మంట భగ్గున లేచును. పాత్ర వచ్చినది, చూడుడని ఆ మంట చెప్పును. అది ప్రకటనము, గౌరవము కూడ. కాని ఆ దివిటీ కథలోనిది కాదు. విరహమున భామ చంద్రుని దూఱుచుండగా ఆమె మోముపై పడునది మంటవెలుగే. ప్రేక్షకుడు మంటను మరచి, వెన్నెలను మాటనుండియు అభినయమునుండియు గ్రహించును. ఇందు లోపమేమియు లేదు. నాట్యధర్మి యనగా నిదియే.

ఆ కూచిపూడివారైన వేదాంతం రాఘవయ్యగారు 1953లో 'దేవదాసు'నకు దర్శకులైరి, ఛాయాగ్రాహకులు బి.ఎస్. రంగాగారు. దివిటీ చూపించుటకే పుట్టినది; ఈ చిత్రమున వెలుగు దాచుటయు నేర్చెను. పూర్వార్ధమున పల్లెపగళ్ళు, ఉత్తరార్ధమున రాత్రులు ప్రధానములు. గుడివాడ ప్రాంతపువారైన అక్కినేని నాగేశ్వరరావుగారి కన్నులు సహజముగా బరువెక్కుటకై త్రాగుడు సన్నివేశములను రాత్రివేళలందే చిత్రించిరని ప్రసిద్ధి. రాత్రియెల్ల ఆడు కళలో పెరిగిన దర్శకునకు ఆ ఆలోచన తోచుట వింత కాదు. ఇచ్చట చీకటి ఉద్దీపనముకంటె నాయకుని అవస్థకు రూపమే యనదగును. ఆ చర్చ వేరొక వ్యాసమునకు తగినది.

ఉద్దీపనమునకు సంపూర్ణోదాహరణము 1957 మార్చి 27న విడుదలైన విజయావారి 'మాయాబజారు'. దర్శకులు కె.వి. రెడ్డిగారు, ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లీగారు. బార్ట్లీ ఆంగ్లో ఇండియనులు. తెలుగు వారి మాతృభాష కాదు. ఐనను తెలుగు వెన్నెల యనగానే వారి పేరు స్ఫురించును. ఇందొక చిత్రమున్నది. పున్నమినాటి వెన్నెల ఎండలో సుమారు 4 లక్షలవ వంతు మాత్రమే. నాటి ఫిల్మునకు అది చాలదు. కావున ఆనాటి తెరపై మనము చూచిన వెన్నెల వాస్తవముగా ఎండయో దీపమో కావలెను. ఆరుబయట సామాన్యముగా సూర్యునకు ఎదురుగా కెమెరా నిలిపి, కటకమునుండి చొచ్చు వెలుగును తగ్గించి, ఎఱ్ఱని ఫిల్టరుతో ఆకాశమును నల్లబరచుదురు. నీటిపై ఎండమెరుపులు వెన్నెలమెరుపులగును. స్టూడియోలో నటుల వెనుకనుండి బలమైన దీపము వేసి, జుట్టునకును భుజములకును వెండియంచు తీర్చి, ముఖమునకు మాత్రము పలుచని వెలుగిత్తురు. నౌకావిహారగీతమున ఆరుబయటిది స్వల్పము, స్టూడియోది అధికము. ఆ రెండింటి అతుకు కంటికి తగులకుండుట బార్ట్లీగారి ప్రతిభ. చకోరము వెన్నెల త్రాగుననుట కావ్యమున ఎట్టిదో, ఆనాటి ఛాయాగ్రహణమున వెన్నెల అట్టి కవిసమయము.

దాదాపు అదే కాలమున, 1956లో, సత్యజిత్ రాయ్‌గారి 'అపరాజితో'కు సుబ్రత మిత్రగారు వేరొక త్రోవ త్రొక్కిరి. స్టూడియోలో కట్టిన కాశీ ఇంటి ముంగిలిపై గుడ్డ పరచి, దీపపు వెలుగును దానిపై కొట్టి క్రిందికి మరలించిరి. ఆకాశమునుండి దిగు మెత్తని పగటివెలుగు అట్లు సిద్ధించినది. అది లోకధర్మి. దీనిని మెచ్చినవారు కొందరు బార్ట్లీ వెలుగును కేవలము అలంకారమని త్రోసివేయుదురు. ఇది ప్రబంధమును నవలతో కొలుచుటవంటిది.

ఇక అర్థము. ఆ నౌకలో మొదట అభిమన్యు శశిరేఖలు, పిదప కృష్ణ రుక్మిణులు, ఆపై బలరామ రేవతులు విహరింతురు. జంటలు మూడు, వయస్సులు వేరు. కాని వినబడు గళములు ఘంటసాల, పి. లీలలవే, పడు వెన్నెల ఒక్కటే. పడుచువారికి ఎక్కువయు పెద్దవారికి తక్కువయు అను పక్షపాతము ఆ వెలుగునకు లేదు. కథలో శశిరేఖను లక్ష్మణకుమారునకీయ నిశ్చయించి ప్రేమకు అడ్డు నిలుచువారు బలరామ రేవతులే కదా! అడ్డు నిలుచువారి హృదయమునందును ఆ రతియే కలదని వెన్నెల ముందుగా చూపినది. అందుచేతనే వారి కోపము మనకు క్రౌర్యముగా తోపదు. కథ రౌద్రమునకు పోక హాస్యమున నిలుచును. చంద్రుని, వెన్నెలను పింగళివారి గీతము పేర్కొన్నది నిజమే. కాని మూడు జంటలను సమముగా తడుపుట మాటకు సాధ్యము కాలేదు, వెలుగునకే సాధ్యమైనది. మాటకు వాచ్యము, వెలుగునకు వ్యంగ్యము దక్కినవి.

ఘటోత్కచుని మాయకును ఇదే న్యాయము. 1920 నాటి జర్మను చిత్రము 'డాక్టర్ కాలిగరీ'లో భయమునకై నీడలను సెట్టులపై రంగులతో చిత్రించిరి. మన మాయానగరమో వెలుగుతో నిండినది. ఆ మాయకు ఫలము నవ్వు. నీడతో పని లేదు.

2010 జనవరి 30న ఈ చిత్రము రంగులు దిద్దుకొని మరల విడుదలైనది. క్రొత్తతరము థియేటరునకు వచ్చినది, అందుకు సంతోషింపవలసినదే. ఐనను ఆ ప్రతిలో వెన్నెల స్థితి యేమి? వెన్నెలలో మానవనేత్రము రంగులను చాలవరకు గుర్తింపజాలదు; తెలుపు, నలుపు, వాని నడుమ బూడిదవన్నెలు మాత్రమే కానవచ్చును. కావున బార్ట్లీగారి కవిసమయము రంగులేమి వలననే కంటి అనుభవమునకు సన్నిహితమైనది. చీరకు చీర రంగు, చెంపకు చెంప రంగు తెలియగానే కన్ను వస్తువులను లెక్కించుట కారంభించును, వెండియంచు వెనుకబడును. ఉద్దీపనము వర్ణనగా మారును. తాళపత్రముల పాఠములను పరిష్కరించువారికి ఈ చిక్కు తెలియనిది కాదు: వ్యాఖ్యాత తన మాటను మూలమునందే చేర్చినచో దానిని ప్రక్షిప్తమందుము.

నేడు విశ్వవిద్యాలయములలో చలనచిత్రము పాఠ్యమగుచున్నది. 'మాయాబజారు'ను పాఠ్యముగా గైకొనువారు నలుపుతెలుపు ప్రతినే మూలముగా నిర్ణయింపవలెనని మా సూచన. వర్ణప్రతిని నిషేధింప నక్కరలేదు. నౌకావిహారమును రెండు ప్రతులలోను వరుసగా చూపి, రేవతి కూర్చున్నపుడు ముందుగా కంటబడునది ఆమె చీరయో, భుజముపై వెలుగో విద్యార్థులనే అడుగవచ్చును.