కాలుట, కాల్చుట: నొస్సాక్ రచనలో కర్తృపదము

హాంబర్గు నగరదహనమును గూర్చి హాన్స్ ఎరిక్ నొస్సాక్ 1943 నవంబరులో రచించి 1948లో ప్రకటించిన లఘుగ్రంథము ‘డెర్ ఉంటర్‌గాంగ్’. 1997లో జూరిచ్ నగరమున ఉపన్యసించిన డబ్ల్యు. జి. సెబాల్డ్, యుద్ధానంతర జర్మను రచయితలు నగరవిధ్వంసమును గూర్చి మౌనము వహించిరని నిందించుచు, ఆ నిందకు లోనుగాని కొలదిమందిలో నొస్సాక్‌ను పేర్కొనెను. అతని నిరాడంబరశైలిని మెచ్చుచునే, కొన్నియెడల అది విధివాదమువైపు మొగ్గినదని ఆక్షేపించెను. ఆక్షేపణ సమంజసమే. కాని దాని మూలము క్రియాపదములలో నున్నదని మేము తలంచుచున్నాము.

గ్రంథనామమునే చూతము. ‘ఉంటర్‌గాంగ్’ అనగా మునుగుట, అస్తమించుట. అకర్మకక్రియనుండి పుట్టిన పదము. ముంచినవా రెవరో అది చెప్పదు. ఈ భేదము మన భాషలో ‘కాలెను’, ‘కాల్చెను’ అను రూపములలో స్పష్టముగ తెలియును. మొదటిది దుఃఖమును తెలుపును; రెండవది యొకనిని బోనులో నిలుపును.

1943 జూలై 24 మొదలు ఆగస్టు 3 వరకు జరిగిన దాడులలో, ముఖ్యముగ 27వ తేది రాత్రి చెలరేగిన అగ్నిప్రభంజనములో, 30,000కు మించిన జనులు మరణించిరి. నొస్సాక్ భార్యతో గూడ నగరమునకు దక్షిణమున నొక పల్లెనుండి ఆ మంటలను చూచెను. అతని వ్రాతప్రతులు, దినచర్య పుస్తకములు బూడిదయ్యెను. అయినను శత్రువును దూషించినవా నొక్కనినైనను తాను వినలేదని వ్రాసెను. ఇచట విమర్శకుడు తొందరపడరాదు. నాజీ పత్రికలు కర్తను బిగ్గరగా చాటుచుండిన దినములవి. ఆ ప్రచారభాషను త్రోసిపుచ్చుటకే నొస్సాక్ కర్తను విడిచెనని మాకు తోచును. వార్సా, రాటర్‌డాము నగరములపై బాంబులు కురిపించిన రాజ్యపు పౌరునికి ‘కాల్చిరి’ యనుట సులభము కాదు.

ఆ క్రియను పలుకవలసినవాడు ఆవలిపక్షమువాడు. 1944 ఫిబ్రవరి 9న బ్రిటిషు ప్రభువుల సభలో చిచెస్టరు బిషప్పు జార్జి బెల్ దానిని పలికెను. హాంబర్గులో ముఖ్యమైన సైనికలక్ష్యములు కలవని యొప్పుకొనుచునే, వానికొఱకు నగరమంతయు తుడిచిపెట్టుట న్యాయము కాదని తన ప్రభుత్వమునే నిలదీసెను. 1942 మార్చిలో లిండెమన్ చర్చిలుకు పంపిన ప్రణాళికకు చరిత్రలో ‘నిర్గృహీకరణము’ అని తెనిగింపదగిన పేరు స్థిరపడినది. (ఇంత నిర్దుష్టమైన సంస్కృతరూపము ఇంత తేలికగా దొరకుటయే మాకు భయము గొల్పుచున్నది.) అది సకర్మకమే; కాని దానిలో కర్మ ఇల్లు, ఇంటిలోని మనుష్యుడు కాడు.

సెబాల్డ్ బెల్‌ను స్మరించెను గాని ఆ ప్రసంగమును నొస్సాక్ గ్రంథమున కెదురుగ నుంచి చదువలేదు. బెల్ ఆ దహనమును చూచినవాడు కాడు. నొస్సాక్ వర్ణించిన నేలమాళిగలు అతని వాదమునకు కావలసిన సాక్ష్యము. అతడు సభలో నిలిచిననాటికి అవి యింకను అచ్చుకాలేదు.