కాపలా పనితనం: కార్లెస్ పుయోల్

2010 జూలై 11, జొహానెస్‌బర్గ్. ప్రపంచకప్ ఫైనల్ నిర్ణీత సమయం మరో ఏడెనిమిది నిమిషాల్లో ముగుస్తుందనగా నెదర్లాండ్స్ ఆటగాడు ఆర్యెన్ రాబెన్ బంతి వెంట స్పెయిన్ గోల్ వైపు దూసుకుపోయాడు. స్కోరు 0-0. వెంటాడుతున్నవాడు స్పెయిన్ డిఫెండర్ కార్లెస్ పుయోల్. పరుగులో రాబెన్‌కి పుయోల్ సాటి రాడు. పైగా మొదటి పావుగంట దాటగానే అతనికి ఒక పసుపు కార్డు పడింది. ఇప్పుడు రాబెన్‌ని పడగొడితే రెండోది పడుతుంది, మైదానం విడిచిపోవాలి. వదిలేస్తే గోల్ దాదాపు ఖాయం. పుయోల్ అతని మీద చెయ్యి వేసి, ఒంటితో ఒరుసుకుని, ఒక్క అడుగు తడబడేలా చేశాడు. రాబెన్ పడలేదు, ముందుకే పోయాడు. కానీ ఆ కాస్త ఆలస్యం చాలింది. గోల్‌కీపర్ కసియాస్ ముందుకు ఉరికి అతని కాళ్ల దగ్గర బంతిని అందుకున్నాడు. ఫౌల్ ఎందుకివ్వలేదని రెఫరీ హోవర్డ్ వెబ్‌తో వాదనకు దిగిన రాబెన్‌కే పసుపు కార్డు దక్కింది. అదనపు సమయంలో, 116వ నిమిషంలో ఇనియెస్తా గోల్ కొట్టాడు. స్పెయిన్ తొలిసారి ప్రపంచ విజేత అయింది.

ఆ చెయ్యి వెయ్యడాన్ని ఫౌల్ అనేవాళ్లతో నాకు పేచీ లేదు. నన్ను ఆకట్టుకునేది దాని వెనక ఉన్న లెక్క. పరుగుపందెం ఓడిపోయానని తెలిసిన క్షణంలోనే, ఓడిపోతూ కూడా ప్రత్యర్థి నుంచి ఏం గుంజుకోవచ్చో పుయోల్ తేల్చుకున్నాడు. ఎంత తక్కువ బలం వాడితే సరిపోతుందో అంతే వాడాడు. అతని పేరెత్తగానే అభిమానులకు గుర్తొచ్చేవి ఎగిరే పొడుగు జుత్తు, తెగింపు, గుండె నిబ్బరం. ఇవన్నీ నిజమే. అయితే తెగింపు ఉన్న డిఫెండర్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. పదిహేనేళ్లు బార్సిలోనాకి, పదమూడేళ్లు స్పెయిన్‌కి వెనక వరస కాసిన మనిషిని అర్థం చేసుకోవాలంటే ఆ జుత్తును కాసేపు పక్కనపెట్టి అతని పనిని చూడాలి.

పుయోల్ 1978లో కటలోనియా కొండల్లో ఉన్న లా పోబ్లా దె సెగుర్ అనే చిన్న ఊళ్లో, పశువుల్ని పెంచుకునే కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు గోల్‌కీపర్. తర్వాత ముందు వరసలో ఆడాడు. బార్సిలోనా వారి శిక్షణాలయం లా మాసియాలో అడుగుపెట్టేసరికి అతనికి 17 ఏళ్లు. అక్కడి పిల్లలు చాలామంది పదకొండు, పన్నెండేళ్లకే వచ్చి చేరి, బంతిని కాలికి అతుక్కున్నట్టు ఆడటం నేర్చుకుని ఉంటారు. ఆలస్యంగా వచ్చిన పుయోల్ మొదట మధ్య వరసలో, ఆ తర్వాత రైట్ బ్యాక్‌గా ఆడాడు. 1998లో అతన్ని మాలగా జట్టుకు అమ్మడానికి క్లబ్ ఒప్పుకుంది. వెళ్లనన్నది అతనే. 1999 అక్టోబర్‌లో కోచ్ లూయిస్ వాన్ గాల్ అతనికి మొదటి జట్టులో చోటిచ్చాడు. ఇన్ని చోట్లు మారడం తర్వాత పనికొచ్చింది. ముందు వరసవాడు ఎటు తిరగాలనుకుంటాడో, గోల్‌కీపర్‌కి ఏ వైపు కనపడదో ఆ చోట్లలో నిలబడి చూసినవాడికి వేరేగా తెలుస్తుంది.

అతనికి పేరు తెచ్చిన మొదటి పరీక్ష 2000 అక్టోబర్ 21న వచ్చింది. బార్సిలోనా ఆరాధించిన లూయిస్ ఫిగో ఆ వేసవిలోనే రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. బార్సిలోనా సొంత మైదానం క్యాంప్ నౌకి ప్రత్యర్థిగా తిరిగొచ్చిన రోజున స్టేడియం ఈలలతో, తిట్లతో దద్దరిల్లింది. ఆ గోల మధ్య ఫిగోని కాసే పని 22 ఏళ్ల పుయోల్‌ది. ఫిగో బంతి అందుకుని, తిరిగి, ఎదుటివాడి ముందు నిలబడితేనే ప్రమాదం. అందుకే పుయోల్ అతన్ని తిరగనివ్వకుండా వీపుకి అంటుకుని ఆడాడు. బార్సిలోనా 2-0తో గెలిచింది.

బంతిని కాళ్ల మధ్య నుంచి తీసుకునే విద్య, అంటే టాకిల్, అతని పనిలో అందరికీ కనిపించే భాగం. కబడ్డీలో కూతకొచ్చినవాడి మీద తొందరపడి పడ్డ డిఫెండర్ తానే ఔటవుతాడు. కూతకొచ్చినవాడు కాలు ముందుకు చాచి బరువు మార్చే క్షణం దాకా ఓపిక పట్టాలి. పుయోల్ జారి కాలు వేసిందీ అలాంటి క్షణంలోనే, ఎదుటివాడు బంతిని తన్ని ముందుకు వదిలి మళ్లీ తాకేలోగా. ఆ సందు కోసం పక్కపక్కనే పరిగెత్తుతూ, అతన్ని మైదానం అంచుకు తోసుకుపోతూ ఉండేవాడు. జారి బంతి తీసిన వెంటనే లేచి నిలబడటం కూడా పనిలో భాగమే. కింద పడివున్న డిఫెండర్ జట్టుకు లేనట్టే లెక్క.

2002లో లోకోమోటివ్ మాస్కోతో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో గోల్‌కీపర్ చోటు వదిలి బయటికొచ్చేశాడు. గోల్ ఖాళీ. జేమ్స్ ఒబియోరా కొట్టిన షాట్‌కి పుయోల్ రొమ్ము అడ్డుపెట్టాడు. బంతి చొక్కా మీది క్లబ్ చిహ్నానికి తగిలిందని అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు అంతకన్నా ముఖ్యమైనది అతను అక్కడ ఉండటం. గోల్‌కీపర్ ముందుకు కదలగానే ఖాళీ అయిన గోల్ దగ్గరికి పరిగెత్తాలన్న ఆలోచన షాట్ కొట్టకముందే రావాలి. తెగింపు చివరి క్షణానిది. పరుగు మొదలైంది అంతకు ముందే.

2008లో పెప్ గార్డియోలా కోచ్‌గా వచ్చాక ఈ ముందుచూపు మీద జట్టు ఆటే ఆధారపడింది. ఆల్వెస్ లాంటి పక్క డిఫెండర్లు దాదాపు ముందు వరస దాకా వెళ్లిపోయేవారు. మధ్య డిఫెండర్లిద్దరూ సగం గీత దగ్గర, ఒకరికొకరు దూరంగా నిలబడేవారు. చావీ, ఇనియెస్తా, మెస్సీ అల్లిన పాసుల ఆటను ప్రపంచం కళ్లప్పగించి చూసింది. ఒక్క పాస్ తప్పితే వాళ్ల వెనక నలభై గజాల ఖాళీ స్థలం. దాన్ని కాసే జంట పుయోల్, జెరార్డ్ పికే. ఆరడుగుల నాలుగంగుళాల పికే పాసుల్లో దిట్ట. పుయోల్ ఎత్తు 1.78 మీటర్లు, మధ్య డిఫెండర్‌కి తక్కువే. కుడికాలి వాటం ఉన్నా ఎడమ పక్కన నిలబడి, పికే ముందుకు వెళ్లినప్పుడల్లా ఆ చోటునూ కలుపుకుని కాసేవాడు. 2009లో రోమ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి ఆల్వెస్ మీద నిషేధం ఉంటే పుయోల్ తన పాత చోటు రైట్ బ్యాక్‌కి వెళ్లాడు. బార్సిలోనా 2-0తో గెలిచింది.

పొట్టి డిఫెండర్ తలతో గోల్స్ ఎలా కొట్టాడన్నది అతని పనితనంలో ముచ్చటైన భాగం. 2010 ప్రపంచకప్ సెమీఫైనల్, డర్బన్. జర్మనీ అప్పటికి ఇంగ్లండ్‌కి నాలుగు, అర్జెంటీనాకి నాలుగు గోల్స్ కొట్టి వచ్చింది. వాళ్ల రక్షణలో మెర్టెసాకర్ లాంటి ఆజానుబాహులున్నారు. 73వ నిమిషంలో చావీ కార్నర్ కిక్ తీశాడు. మామూలుగా అందరూ గోల్ ముందు ఒకరినొకరు తోసుకుంటూ ఉన్నచోటే ఎగురుతారు. పుయోల్ పెనాల్టీ బాక్స్ అంచు నుంచి పరిగెత్తుకొచ్చాడు. నిలబడి ఎగిరేవాడికి ఎత్తు బలం. పరిగెత్తి ఎగిరేవాడికి వేగమూ తోడవుతుంది. బంతి కోసం పికే కూడా లేచాడు, అతన్నీ మించి పుయోల్ లేచాడు. నుదుటితో కొట్టిన దెబ్బకి బంతి గోల్‌కీపర్ నోయర్‌ని దాటి వలలో పడింది. మ్యాచ్ 1-0. చావీ బంతి పంపడం, పుయోల్ దూరం నుంచి వచ్చి తలతో కొట్టడం ఏడాది కిందటే మాడ్రిడ్‌లో జనం చూశారు. 2009 మే 2న రియల్‌ని 6-2తో ఓడించిన మ్యాచ్‌లో రెండో గోల్ అలా వచ్చిందే. 2012 జనవరిలో అక్కడే, రియల్ సొంత మైదానం బెర్నబెయులో, కోపా డెల్ రే పోటీలో కార్నర్ నుంచి మరోటి కొట్టాడు. బార్సిలోనాకి ఆడిన 593 మ్యాచుల్లో అతనివి 18 గోల్స్, స్పెయిన్‌కి ఆడిన 100లో మూడే. కానీ అవి ఎప్పుడు పడ్డాయో చూడండి.

2004 నుంచి అతను బార్సిలోనా కెప్టెన్. ఆ హోదాలో చేసినదీ కాపలా పనే. జట్టు నాలుగు గోల్స్ ఆధిక్యంలో ఉండి ఆట ముగియబోతున్నా ఏకాగ్రత చెదరనివ్వొద్దని తన మీద అరుస్తూనే ఉండేవాడని పికే చెప్పుకున్నాడు. 2012లో రాయో వల్యెకానోని 7-0తో చిత్తుచేసిన మ్యాచ్‌లో థియాగో, ఆల్వెస్ గోల్ కొట్టిన సంబరంలో డ్యాన్స్ మొదలుపెడితే మధ్యలోకి వెళ్లి ఆపించి వెనక్కి పంపాడు. ఓడుతున్నవాళ్ల ముందు ఆ గెంతులు అక్కర్లేదన్నది అతని లెక్క. 2011లో వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గెలిచాక కప్పు ఎత్తాల్సింది కెప్టెన్. రెండు నెలల కిందటే కాలేయం నుంచి కణితి తీయించుకుని కోలుకుని వచ్చిన ఎరిక్ అబిదాల్ చేతికి పుయోల్ తన కెప్టెన్ బ్యాండ్ కట్టి, కప్పు అతని చేత ఎత్తించాడు.

ఇలా ఆడటానికి ఒళ్లు చెల్లించిన ధర తక్కువేం కాదు. మోకాలి గాయాలు 2010 తర్వాత అతన్ని వదల్లేదు. 2012 యూరో కప్‌కి అందువల్లే దూరమయ్యాడు. అదే ఏడాది అక్టోబర్‌లో లిస్బన్‌లో బెన్‌ఫికా మీద ఆడుతూ కిందపడితే మోచెయ్యి కీలు తప్పింది. 2014లో, 36 ఏళ్ల వయసులో ఆట మానేశాడు. ఆరు లా లీగా టైటిళ్లు, మూడు ఛాంపియన్స్ లీగ్‌లు, ఒక యూరో, ఒక ప్రపంచకప్. అన్నీ ఒకే క్లబ్ చొక్కాలో, ఒకే దేశపు చొక్కాలో.

అతను వెళ్లిన మరుసటి ఏడాదే బార్సిలోనా లీగ్, కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. పుయోల్ లేకపోయినా నడిచిందంటూ దీన్ని అతని మీదికే తిప్పేవాళ్లుంటారు. నాకు ఇందులో ఎదురు సంగతి కనిపిస్తుంది. 2015లో ఆ వెనక వరసకు పెద్దదిక్కుగా నిలిచి, పక్కవాళ్ల మీద అరుస్తూ, ఖాళీలు పూడుస్తూ ఆడినవాడు పికే. ఒకప్పుడు పుయోల్ చేత తిట్లు తిన్న కుర్రవాడే. తెగింపు ఒక్కటే పెట్టుబడి అయితే అది పుయోల్‌తో పాటే ఇంటికి వెళ్లిపోయేది. పనితనం కాబట్టి పక్కన నిలబడ్డవాడికి వచ్చింది.