ఒకే కేబుల్, వేరువేరు దారులు

టెక్కలి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కరెంటు స్తంభాల మీద నల్లటి ఫైబర్ కేబుల్ వేలాడుతుంటే ఇప్పుడెవరూ తలెత్తి చూడరు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ ఎత్తుగడే అది: నేల తవ్వకుండా ఉన్న స్తంభాల మీదే లాగేయడం. టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ నెలకు 149 రూపాయలకు ఇస్తామన్నారు. చౌకే. కానీ స్తంభం కూలితే కరెంటూ, నెట్టూ కలిసే పోతాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఇక్కడ వేల స్తంభాలను పడగొట్టింది.

ఇళ్లకు ఈ కనెక్షన్లు ఇచ్చేది లోకల్ కేబుల్ ఆపరేటర్లే. నిన్నటిదాకా టీవీ కేబుల్‌కు జాయింట్లు వేసిన చేతులకు ఇప్పుడు కొత్త విద్య పట్టుబడాలి.

గాజుపోగు ఒక్కటే అయినప్పుడు మూడు సేవలూ కలగాపులగం కాకుండా ఎలా వస్తాయి? ఇలాంటి నెట్‌వర్కుల్లో డేటా ప్యాకెట్లకు, జీడి బస్తా మీద లాట్ నంబరులా, ఒక నంబరు తగిలిస్తారు. అదే వీలాన్ ట్యాగ్. అందులో ఆ నంబరుకు 12 బిట్లు. అంటే ఒక్క కేబుల్‌లో 4,094 విడి నెట్‌వర్కులు నడపొచ్చు. ఇంట్లో బాక్సు ఆ ట్యాగు ఊడదీసి, ఏది ఏ పోర్టుకు పోవాలో అక్కడికి పంపుతుంది.

ఆఫీసు లోపలా ఇలాంటి చిక్కే. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ ఆఫీసు అనుకుందాం. ఒకే కంప్యూటర్‌లో రెండు వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు: ఒకదాంట్లో ట్యాలీ లెక్కలు, రెండోదాంట్లో సీసీ కెమెరాల రికార్డింగ్. వీటిని ఆఫీసు లోపలి నెట్‌వర్కుకు, అంటే లాన్‌కు, కలపాలి. దారులు రెండు: నాట్, బ్రిడ్జ్. నాట్ పెడితే ట్యాలీ మెషీన్ అసలు కంప్యూటర్ అడ్రసు చాటున ఉంటుంది. బయటికి పోగలదు గానీ, ప్రత్యేకంగా పోర్టు తెరిస్తే తప్ప కాటా దగ్గరి కంప్యూటర్ దాన్ని చేరలేదు. బ్రిడ్జ్ పెడితే రౌటర్ దానికీ సొంత ఐపీ అడ్రసు ఇస్తుంది. మిగతావాటి కంటికి అదీ ఒక కంప్యూటరే. వైఫై మీద మాత్రం బ్రిడ్జ్ చాలాసార్లు మొరాయిస్తుంది. తనకు కనెక్టయిన కార్డు మ్యాక్ అడ్రసునే, అంటే దాని గుర్తింపు నంబరునే, యాక్సెస్ పాయింట్ ఒప్పుకుంటుంది, దాని వెనకున్నవాటిని కాదంటుంది. లాన్ కేబుల్ గుచ్చండి, గొడవ వదిలిపోతుంది.

అసలు భయపడాల్సింది లూప్‌కు. రెండు స్విచ్‌ల మధ్య పొరపాటున రెండో కేబుల్ గుచ్చారో, బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు తిరిగి తిరిగి పెరిగిపోతాయి. లైట్లన్నీ పిచ్చెత్తినట్టు మిణుకుతాయి, ఆఫీసంతా నెట్ ఆగిపోతుంది. 1985లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ అనే పద్ధతి ఇలాంటి అదనపు దారిని పసిగట్టి మూసేస్తుంది. చౌక స్విచ్‌లలో సాధారణంగా అది ఉండదు. ఇక్కడి దుకాణాల్లో కనిపించేవి ఎక్కువగా అవే!

అన్నిటినీ ఒకే లాన్‌లో పడేయడం సులువే, నేను మాత్రం ఒప్పుకోను. ట్యాలీని బ్రిడ్జ్ చేయండి. కెమెరాలకు విడిగా ఒక వీలాన్, వచ్చిపోయేవాళ్ల ఫోన్లకు మరొకటి ఇవ్వండి. ప్రతి కేబుల్ కొసన దాని వీలాన్ నంబరు రాసి చీటీ అంటించండి. తుపాను మర్నాడు రిపేరుకు వచ్చే కుర్రాడు మీ ఆఫీసు మొహం చూసి ఉండకపోవచ్చు.