'క్యాన్సర్ వార్డ్' నుంచి ఇంటికి వెళ్ళినవాళ్ళు

సోల్జెనిత్సిన్ నవల 'క్యాన్సర్ వార్డ్'ను చాలామంది సోవియట్ రాజ్యానికి పట్టిన జబ్బు కథగా చెబుతారు. 1968లో విదేశాల్లో అచ్చయి, స్వదేశంలో 1990 దాకా వెలుగు చూడని పుస్తకం కాబట్టి అలా అనుకోవడం సహజమే. నేను దాన్ని ఇంగ్లీషులో చదివాను. నా మట్టుకు నాకు అది, మంచం మీద పడుకుని ఇంటికెప్పుడు పంపుతారా అని రోజులు లెక్కపెట్టుకునే మనుషుల కథ.

తెలుగు నవలకు ఆసుపత్రి కొత్త కాదు. కొమ్మూరి వేణుగోపాలరావు గారి 'హౌస్ సర్జన్' మనలో చాలామంది చదివే ఉంటారు. అయితే అక్కడ చూసే కన్ను వైద్యుడిది. వైద్యుడు రౌండ్స్ ముగించుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ ఆయన వచ్చేదాకా రోగికి గడియారమే దిక్కు. ఆ గంటల సంగతి సోల్జెనిత్సిన్‌కు తెలుసు. 1954లో తాష్కెంట్ ఆసుపత్రిలో స్వయంగా క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్నవాడు. నవలలో అధికారి రుసనోవ్‌కు వార్డు నంబరు 13 అని తెలియగానే గుండె జారుతుంది. మెడమీది గడ్డ తగ్గిందా లేదా అని మాటిమాటికీ తడిమి చూసుకుంటాడు. ఆసుపత్రిలో పడుకున్నవాళ్ళెవరికైనా ఈ తడుములాట పరిచయమే.

రచయిత బలమంతా డిశ్చార్జిల్లో ఉంది. కుర్రవాడు ప్రోష్కా సంతోషంగా బయల్దేరుతూ, తన కాగితం మీది లాటిన్ మాటలకు అర్థం చెప్పమంటాడు. ఆపరేషనుకు లొంగని గుండె కణితి అని దాని భావం. చదివిన కొస్తొగ్లోతొవ్ ఆ సంగతి అతనికి చెప్పడు. పొడ్డుయెవ్‌ను కూడా పంపించేస్తారు. అతను రైల్వేస్టేషన్‌లోనే చనిపోతాడు. రుసనోవ్ నయమైందనుకుని దర్జాగా కారెక్కుతాడు. డాక్టర్లకు ఆ నమ్మకం లేదు.

నేను కామర్స్ చదివి, 30 ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. మా లెక్కల్లో బాకీ తీరి మూసే ఖాతాలు కొన్ని, ఇక రాదని రైట్ ఆఫ్ చేసేవి కొన్ని. రైట్ ఆఫ్ చేసిన సంగతి చాలాసార్లు ఖాతాదారుకు తెలియదు. ఆ వార్డులో 'ఇంటికి వెళ్ళు' అన్న మాటకు ఈ రెండర్థాలూ ఉన్నాయి. ఏ అర్థంలో అన్నారో రోగికి తెలియని భాషలో రాసి పెడతారు.

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. పోయినేడు మా బళ్ళారిలో నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పక్క మంచం పెద్దమ్మ తన డిశ్చార్జి కాగితం నా చేతిలో పెట్టి, "ఏం రాసినారు నాయనా ఇందులో?" అని అడిగింది. కాగితం ఇంగ్లీషు, నర్సమ్మ చెప్పింది కన్నడం, ఆమెకు వచ్చింది తెలుగు. కడుపులో పుండు మానిందనే ఉంది కాబట్టి ధైర్యంగా చదివి వినిపించాను. మరోలా ఉంటే కొస్తొగ్లోతొవ్ సంకటమే నాదయ్యేది.

ఇక్కడే నవల మీద నాకొక ఫిర్యాదు. ఆ వార్డులో ఉజ్బెకులున్నారు, కజక్ గొర్రెల కాపరి ఉన్నాడు. ఆ ఊరు ఉజ్బెకులది. అయినా వాదోపవాదాలన్నీ రష్యన్ వచ్చినవాళ్ళవే. ఉజ్బెకు ముసలాయన మౌనాన్ని రచయిత గౌరవంగా చూపాడు గాని, ఆ మౌనం లోపలికి వెళ్ళలేదు. డాక్టరమ్మతో మాట కలవని రోగి ఇంటిని ఎలా తలుచుకుంటాడో ఇంత పెద్ద నవలలో ఒక్క అధ్యాయమైనా చెప్పలేదు. అది రాయవలసినవాళ్ళం బహుశా మనమే.

చివరి అధ్యాయాలు మాత్రం మరపురావు. బయటికొచ్చిన కొస్తొగ్లోతొవ్ పూసిన ఆప్రికాట్ చెట్టును చూస్తాడు, జంతుప్రదర్శనశాల తిరుగుతాడు. ఊళ్ళో ఇద్దరు స్త్రీలు తమ ఇంట ఉండమన్నా ఉండలేక, తనను ప్రవాసానికి పంపిన మారుమూల పల్లెకే రైలెక్కుతాడు. అది అతను పుట్టిన ఊరు కాదు, కోరుకున్నదీ కాదు. అయినా మంచం మీద ఉన్నన్నాళ్ళూ అతను కలవరించింది ఆ పల్లెనూ, అక్కడి కద్మిన్ దంపతులనూ. తాతల నాడు వలసవచ్చిన ఊళ్ళనే ఇల్లనుకుంటున్న మనకు ఆ రైలు ఎటు పోతోందో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.