గుట్టలున్నాయి, మనుషులేరీ?

ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ మీదుగా హిందూపురం పోతుంటే కిటికీలోంచి కనిపించేవి రాతిగుట్టలే. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న బండలు, తుమ్మచెట్లు, ఎండ. ఈ దారిలో తిరిగే మాకు ‘టక్కరి దొంగ’ సినిమా కంటికి నచ్చడంలో వింత లేదు.

2002 సంక్రాంతికి వచ్చిన ఈ కౌబాయ్ సినిమాకు జయంత్ సి. పరాన్జీ దర్శకుడు, మహేష్ బాబు కథానాయకుడు. ఆయన తండ్రి కృష్ణ 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’తో తెలుగులో వేసిన బాట ఇది. జయానన్ విన్సెంట్ కెమెరా పనితనాన్ని తక్కువ చేయలేం. ఎర్రటి లోయలు, దుమ్ము రేపుతూ పరుగెత్తే గుర్రాలు కళ్ళముందు నిలిచిపోతాయి.

కథ దగ్గరికొస్తే మాత్రం చేతికేమీ చిక్కదు. వజ్రాల జాడ, పాత పగ, ఇద్దరు నాయికలు, మధ్యమధ్య పాటలు. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిపోతుంది. ఆ కొండల కింద ఎవరు, ఎలా బతుకుతున్నారో సినిమాకు పట్టదు.

1975 నాటి ‘షోలే’ను గుర్తు చేసుకోండి. బెంగళూరు దాటాక వచ్చే రామనగరం గుట్టల్లో తీశారు. అదీ గుర్రాల, తుపాకుల సినిమానే. కానీ కొడుకును పోగొట్టుకున్న గుడ్డి ఇమామును ఎవరు మరిచిపోయారు? ఆయనవల్లే ఆ ఊరు, ఆ రాళ్ళు కూడా గుర్తున్నాయి.

‘టక్కరి దొంగ’ లోయల కోసం అమెరికాలోని యూటా దాకా వెళ్ళారు. ఆ పేరే యూట్ అనే ఆదివాసీ తెగ నుంచి వచ్చింది. ఆ తెగను రిజర్వేషన్లలోకి తరిమాకే ఆ నేల ఖాళీగా కనబడింది. నేల ఎవరిదన్న ప్రశ్న ఈ కథకు తట్టనే లేదు.

ఇక ‘దొంగ’ అన్న మాట. 1871లో తెచ్చి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించిన నేరస్త జాతుల చట్టం కింద ఎరుకల, సుగాలి వంటి మన జాతులవారికి పుట్టుకతోనే ఆ ముద్ర వేశారు. 1952లో చట్టం పోయింది, ముద్ర పూర్తిగా పోలేదు. తెరమీద నాయకుడు దొంగైతే ఈలలు వేస్తారు. తండా పిల్లవాడు సంతలో ఊరికే నిలబడినా అనుమానిస్తారు. సరదా కథలో దొంగ ఉండకూడదని మేము అనడం లేదు. ఆ మాట బరువు తెలిసి రాసివుంటే రాజా అనే దొంగకు ఒక బతుకు దొరికేది, కథకు ప్రాణం వచ్చేది.

అయ్యవార్లు ఈ సినిమాను తరగతిలో చర్చకు పెట్టాలని మా కోరిక. ఈ నేల ఎవరిది? దొంగ అని ఎవరు, ఎవరిని అంటున్నారు? నీ చేతికి కెమెరా ఇస్తే మన గుట్టల దగ్గర మొదట ఎవరిని చూపిస్తావు? మూడో ప్రశ్నకు పిల్లలు చెప్పే జవాబులను రాసి పెట్టండి. మనం చూడాల్సిన సినిమా అక్కడ మొదలవుతుంది.